పచ్చగా మెరిసిన వేలిముద్ర

వీధి చివరి ఇంటి నుంచి,
ఎండలు ముదిరిన మొదటి వారం, సోమవారం

తమ్ముడికి,

నేను బాగానే ఉన్నాను, నువ్వూ బాగుండాలి, ఆ సంగతి అక్కడితో సరి. ఈ ఉత్తరం క్షేమ సమాచారాల కోసం రాయించడం లేదు. నీ మీద ఫిర్యాదు ఉంది. ఫోనులో నాలుగు మాటలు గట్టిగా అడిగేదాన్నే. నలభై ఏళ్ళు ఇంజన్ల మోతలో గడిపి చెవులు పోగొట్టుకున్నావు కాబట్టి కాగితం ఖర్చు చేయాల్సి వస్తోంది. రాస్తున్నది పక్కింటి టైలరమ్మ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. మధ్యలో ఎక్కడైనా మర్యాదలు కనిపిస్తే అవి ఆవిడవి, నావి కావు.

నా కోడలు పనిచేసే కారు ఏసీల షెడ్డు ఓనరు నీ శిష్యుడే కదా. నీ దగ్గర ఆరేళ్ళు పని నేర్చుకుని, నా చేతి కాఫీ తాగి పెద్దవాడయ్యాడు. ఇప్పుడు వాడిని అందరూ ముల్లు మేస్త్రి అంటారు. వాడికి రెండు కళ్ళూ ఉన్నాయి, కానీ మీటరు మీద ముల్లు చెప్పిందే నమ్ముతాడు.

ఇక్కడ పళ్ళ డాక్టరమ్మ ఒకావిడకి ఇరవై ఏళ్ళనాటి కారు ఉంది. వాళ్ళ నాన్న నడిపిన బండి, అమ్మమంటే అమ్మదు. దాని ఏసీలో చల్లదనం పోయిందని షెడ్డుకి తెచ్చింది. ముల్లు మేస్త్రి ఒక పాత పైపు తీసి కొత్తది తానే వేశాడు. మిగతా అతుకుల్లో రబ్బరు రింగులు మార్చి గ్యాసు నింపే పని నా కోడలికి ఇచ్చాడు. మూడు వారాలు చల్లగా వీచింది, ఆ తర్వాత ఉత్త గాలి. డాక్టరమ్మ మళ్ళీ తెచ్చింది.

అప్పుడు మేస్త్రి మోటారు పెట్టి పైపుల్లో ఉన్న గాలంతా బయటికి లాగేశాడు. మీటరు ముల్లు సున్నా కిందికి దిగి అరగంట అక్కడే కదలకుండా కూర్చుంది. ఇంక చూసుకో, ఎనిమిది మంది మెకానిక్కుల ముందు నా కోడల్ని నిలబెట్టి అన్నాడు: “పైపుల్లో లీకు లేదు. గ్యాసు పోయేది నింపే మూతి దగ్గరే. ఆడ చెయ్యి కదా, బిగువు ఎక్కడి నుంచి వస్తుంది.”

తన బిగువు మాత్రం ఏం బిగువనుకున్నావు. ఆ కొత్త పైపు వేసేటప్పుడు పానా తోకకి మూరెడు ఇనప గొట్టం తొడిగి, దాని మీద వేలాడినంత పని చేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అన్నారు.

వచ్చే నెల నుంచి ఏసీ బల్ల నీదే, నీ కింద ముగ్గురు పనిచేస్తారని మాట ఇచ్చినవాడు, ఇప్పుడు ఆ పిల్లని టైర్లకి గాలి కొట్టే మూల కూర్చోబెట్టాడు. గ్యాసు మళ్ళీ నింపి కారు పంపారు. అది ఇంకోసారి వెనక్కి వస్తే పానాల పెట్టె ఇంటికి పట్టుకెళ్ళిపోవాలట. నా కొడుకు లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అడిగేవాళ్ళు లేరనుకున్నాడు మేస్త్రి. నేనున్నాను.

ముల్లుని నమ్మమని వాడికి నేర్పింది నువ్వు. కాబట్టి జవాబు నువ్వే చెప్పాలి. ముల్లు అబద్ధమాడుతుందా, ఆడదా? రెండు వారాలు దాటాయంటే ఆ కారు మళ్ళీ వచ్చేస్తుంది.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆపరేషన్ అయిన రోజు నువ్వు ఒట్టు వేయించుకున్నట్టే ఏ పనికీ పోకుండా కాళ్ళు చాపుకుని కూర్చుంటున్నాను.

నీ అక్క


మేడ మీద గది నుంచి,
గురువారం

అక్కకి,

నీ ఉత్తరం నా తర్వాత మీ మరదలూ చదివింది. చదవడం అయ్యాక, మీ అక్కయ్య మాట మాత్రం మీకు చెవుల్లేకపోయినా వినపడుతుంది అని కాగితం మీద రాసి చూపించింది. నిజమే.

ముల్లు అబద్ధమాడదు అక్కా. కానీ అడిగినదానికే జవాబు చెబుతుంది. లోపలి గాలి లాగేసినప్పుడు బయటి గాలి పైపుని నలువైపుల నుంచీ నొక్కుతుంది. వెంట్రుకంత పగులు ఉంటే అది మూసుకుపోతుంది, రబ్బరు రింగు దాని మీద అతుక్కుని కూర్చుంటుంది. ముల్లు కదలదు. అదే గ్యాసు నింపి ఇంజను వేడెక్కనీ, లోపలి నుంచి తోపుడు మొదలవుతుంది. అప్పుడు ఆ పగులు నోరు తెరుస్తుంది. లోపలికి లాగి చూసేవాడికి దొరకని లీకు బయటికి తోసి చూసేవాడికి దొరుకుతుంది. ఈ సంగతి నాకూ ఆలస్యంగానే తెలిసింది. అప్పటికి వాడు నా దగ్గర పని మానేసి సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పిలిచి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. ఆ తప్పు నాదే, రాసి ఇస్తున్నాను.

ఇప్పుడు పనికొచ్చే మాట. గ్యాసు కంటికి కనపడదు. కానీ అది ఒంటరిగా పోదు, కంప్రెసర్లో తిరిగే నూనెని కొంచెం వెంట తీసుకుపోతుంది. ఆ నూనె మీద రోడ్డు దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు కడుతుంది. జిడ్డు ఎక్కడుందో లీకు అక్కడే. పాత కార్లలో సగం లీకులు నేను అలాగే పట్టాను, మీటరు తియ్యకుండా. కోడల్ని అడుగు, జిడ్డు ఎక్కడైనా కనపడిందా? గ్యాసుతో పాటు రంగు కలిపిందా? ఆ రంగు నీలం లైటు కింద పచ్చగా మెరుస్తుంది.

ఇంకొక్క అనుమానం. మేస్త్రి గొట్టం తొడిగి వేలాడాడని, చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బో అన్నారని రాయించావు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చున్నదానివి, అదంతా నీకెలా కనపడింది?

తమ్ముడు


వీధి చివరి ఇంటి నుంచి,
ఆదివారం

తమ్ముడికి,

నేను జవాబు అడిగితే నువ్వు ప్రశ్నలు పంపావు. చిన్నప్పుడూ అంతే, కుండ ఎవరు పగలగొట్టారంటే కుండ ఎక్కడ కొన్నారని అడిగేవాడివి.

నీ ప్రశ్నలు కోడలికి వినిపించాను. జిడ్డు కోసం తను మొదటిసారీ చూసింది, రెండోసారీ చూసింది. టార్చి వేసి, నేల మీద పడుకుని చూసింది. “ఎక్కడా చుక్క జిడ్డు లేదు అత్తయ్యా, ఇంజను అద్దంలా ఉంది,” అంది. తను బిగించిన ప్రతి అతుకు మీదా సబ్బు నురగ రాసింది. ఒక్క బుడగ రాలేదు. మేస్త్రి వేసిన పైపు బ్యాటరీ ట్రే కింద నుంచి పోతుంది. దాన్ని ముట్టుకోవద్దన్నాడు. నా పని నువ్వు పరీక్ష చేస్తావా అన్నాడట. రంగు రెండోసారి గ్యాసు నింపేటప్పుడు కలిపింది, టైర్ల మూలకి పంపింది ఆ తర్వాతే. కానీ షెడ్డులో నీలం లైటు పగిలి ఏడాది అయింది. ముల్లు ఉండగా లైటెందుకంటాడు వాడు.

ఈ పిల్ల ఏడ్చినా నాకు బాగుండేది. ఏడవదు. పనిలో ఎవరో ఏదో అన్నారని నాతో చెప్పుకోదు కూడా. ఇంటికొచ్చి ప్రతి మూతా బిగిస్తోంది. నూనె సీసా బిగిస్తుంది, నీళ్ళ సీసా బిగిస్తుంది, కుళాయి బిగిస్తుంది. నిన్న పొద్దున కొబ్బరి నూనె సీసా మూత నాకు రాలేదు. కొంగు పట్టి తిప్పినా రాలేదు. టైలరమ్మ ఇంటికి పట్టుకెళ్తే ఆవిడకీ రాలేదు. (నిజమే, రాలేదు. టైలరమ్మ.) బిగువు లేదన్న మాట ఆ పిల్లకి ఎక్కడ తగిలిందో నాకు ఆ సీసా చెప్పింది. ఆరేళ్ళు ఆ షెడ్డులో పనిచేసి, మగవాళ్ళు చేతులెత్తేసిన బళ్ళు బాగుచేసిన చెయ్యి అది. ఇప్పుడు తన చేతి మీద తనకే అనుమానం వచ్చింది. నేను ఊరుకోలేనిది ఇదే. ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది, ఆ నమ్మకం పోతే ఎక్కడ దొరుకుతుంది?

మిగతావి అనవసరమైన అనుమానాలు. నువ్వు లీకు సంగతి చూడు.

నీ అక్క


మేడ మీద గది నుంచి,
బుధవారం

అక్కకి,

చిన్న ఉత్తరమే.

ఇరవై ఏళ్ళ కారు, రోజూ దుమ్ములో తిరిగే కారు, దాని ఇంజను అద్దంలా ఉందా? నా సర్వీసులో అలాంటి ఇంజను నేను చూడలేదు. లీకు ఉన్న కారులో జిడ్డు లేకపోవడమన్నది ఉండదు. జిడ్డు వచ్చింది, ఎవరో తుడిచేశారు. కోడలు చూసేలోపే తుడిచేశారు. ఆ పిల్ల కంటి ముందు నుంచి సాక్ష్యాన్ని ఎత్తుకుపోయారు.

ఆ షెడ్డులో ఇంజన్లు తుడిచేది ఎవరో కనుక్కో. ముల్లు మేస్త్రి తర్వాత సంగతి. ముందు ఆ మనిషిని పట్టుకుని నాలుగు చీవాట్లు పెట్టు. అసలు దోషి ఆ మనిషే.

తమ్ముడు


వీధి చివరి ఇంటి నుంచి,
శనివారం

తమ్ముడికి,

ఆ మనిషి దొరికింది. చీవాట్లు కూడా పెట్టాను. అద్దం ముందు నిలబడి పెట్టాను.

నీ ఉత్తరం టైలరమ్మ చదువుతుంటే మధ్యలో ఆపమన్నాను. ఆవిడ ఆపలేదు. దోషి అనే మాట రెండుసార్లు చదివింది.

ఇంకా దాచి లాభం లేదు. ఏడాదిగా నేను ఆ షెడ్డులో పనిచేస్తున్నాను. ఒట్టు వేసిన మాట నిజమే. మూడు నెలలు కూర్చున్నాను కూడా. గోడ మీద గడియారం తప్ప ఇంట్లో కదిలేది ఏదీ లేదు తమ్ముడూ. కోడలితో పాటు ఒకరోజు షెడ్డుకి వెళ్ళాను. అక్కడ ఇంజన్లు తుడిచే మనిషి మానేసిందన్నారు. గుడ్డ ఇటివ్వమన్నాను. నీతో చెప్పొద్దని కోడలి దగ్గర మాట తీసుకున్నాను. నువ్వు బస్సెక్కి వచ్చేస్తావని భయం.

షెడ్డులో పద్ధతి ఏమిటంటే, బండి రాగానే ముందు నా దగ్గరికి వస్తుంది. తుడిచాకే మెకానిక్కుల దగ్గరికి పోతుంది. చేతులు పాడవకుండా పనిచేసుకుంటారని మేస్త్రి పెట్టిన పద్ధతి. నేను ఏదైనా చేస్తే సగం చెయ్యను, నీకు తెలుసు. నేను తుడిచిన ఇంజను మీద పక్క పరుచుకుని పడుకోవచ్చు. డాక్టరమ్మ కారు రెండుసార్లూ నేనే తుడిచాను. కోడలు అద్దంలా ఉందన్నప్పుడు, సిగ్గులేకుండా చెబుతున్నాను, లోపల గర్వపడ్డాను.

కానీ కళ్ళకి చదువు రాకపోయినా నా వేళ్ళకి జ్ఞాపకం ఉంటుంది. నీ ఉత్తరం విన్నాక గుడ్డ చేతిలో ఉన్నట్టు ఊహించుకుని ఆ ఇంజనంతా మళ్ళీ తుడిచాను, మంచం మీద కూర్చుని. పైమూత, ఫ్యాను పక్క, కంప్రెసరు. బ్యాటరీ ట్రే కిందికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ కంటికి ఏమీ కనపడదు, చెయ్యి పెట్టి తుడవాలి. రెండుసార్లూ అక్కడే గుడ్డ అంటుకుంది. రెండుసార్లూ అక్కడికే గుడ్డ మార్చాల్సి వచ్చింది. మొదటిసారి కారు వచ్చినప్పుడు తుడిచింది ఏళ్ళ తరబడి పేరుకున్న పాత మురికి. రెండోసారికి మూడు వారాలే అయింది, అంత జిడ్డు ఎలా వస్తుంది? నాకు ఆ రోజే తట్టాల్సింది.

కారు మళ్ళీ షెడ్డుకి వచ్చేదాకా ఆగలేకపోయాను. నిన్న డాక్టరమ్మ ఆస్పత్రికి వెళ్ళాను. చీటీ రాసే అమ్మాయి ఏ పన్ను నొప్పి అని అడిగింది. నోట్లో ఉన్నవి నాలుగు, ఏదో ఒకటి అన్నాను. కుర్చీలో పడుకోబెట్టి డాక్టరమ్మ నోరు తెరవమంది. తెరిచి, పన్ను సంగతి కాదమ్మా, నీ కారు సంగతి అన్నాను. మొత్తం విని, చేతి తొడుగులు తీసేసి, తాళాలు పట్టుకుని నా వెంట బయటికి వచ్చింది. కుర్చీలో తర్వాతి మనిషి నోరు తెరుచుకునే ఉన్నాడు.

బానెట్ ఎత్తించి ట్రే కింద చెయ్యి పెట్టాను. ఉంది. మళ్ళీ వచ్చింది. ఈసారి తుడవలేదు. ఒక్క బొటనవేలికి అంటించుకుని, డాక్టరమ్మ ఇచ్చిన కాగితం మీద నొక్కాను. ఆ కాగితమే ఇది. కింద చూడు. నేను సంతకం చెయ్యలేను కదా, నా వేలిముద్రే పంపుతున్నాను. ఇంకు కాదు, ఆ జిడ్డే. అది ఇంజను నూనో, ఏసీ నూనో నువ్వు చెప్పాలి.

చల్లదనం తగ్గుతోందట. ఎంత ఉక్కపోసినా వారం రోజులు షెడ్డుకి తేనని డాక్టరమ్మ మాట ఇచ్చింది. కోడలికి ఇంకా ఏమీ చెప్పలేదు. తన అత్తే తన కళ్ళకి గంతలు కట్టిందని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. నీ జవాబు వచ్చాక చెబుతాను.

నీ అక్క


మేడ మీద గది నుంచి,
మంగళవారం, మధ్యాహ్నం

అక్కకి,

ఒట్టు సంగతి తర్వాత మాట్లాడతాను. నిజానికి గొట్టం సంగతి రాయించినప్పుడే తెలిసిపోయింది.

నా పాత పెట్టెలోంచి నీలం లైటు తీశాను. కిటికీలన్నీ మూసి, మీ మరదల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నీ కాగితం మీద వేశాను. కాగితమంతా లేత నీలంగా కనపడింది. మధ్యలో నీ బొటనవేలు, ఒక్కొక్క గీతా విడివిడిగా, చిగురాకులా పచ్చగా వెలిగింది. మీ మరదలు నా చెయ్యి పట్టుకుంది. నేను చాలాసేపు లైటు ఆర్పలేదు.

అది కోడలు కలిపిన రంగే. గ్యాసుతో కలిసి పైపుల్లో తిరిగే రంగు, లీకు ఉంటే తప్ప బయటికి రాదు. నింపే మూతి బండికి ముందు వైపు ఉంటుంది. బ్యాటరీ ట్రే ఇంకో వైపు, కోడలు చెయ్యి పెట్టని చోట. లీకు మేస్త్రి వేసిన పైపు మెడ దగ్గర, అంటే నట్టు బిగించిన చోట ఉంది.

ఇప్పుడు నా వంతు. పానాకి గొట్టం తొడగడం కూడా వాడికి నేనే నేర్పాను. అప్పట్లో బరువైన ఇనప అతుకులు ఉండేవి, ఎంత బిగించినా తట్టుకునేవి. ఈ అల్యూమినియం మెడలు తట్టుకోవు. బిగువు ఎక్కువైతే వెంట్రుకలా చిట్లుతాయి. నేను మారాను, వాడికి చెప్పలేదు. ఇంకో కాగితం మీద వాడికి నాలుగు వాక్యాలు రాశాను. అందరి ముందూ చదివించు. నా పరువు చూడకు.

లైటు పార్సిల్లో పంపుతున్నాను. కారు వచ్చినప్పుడు ఎవ్వరినీ తుడవనివ్వకు, నిన్ను కూడా. పైపు మెడ కింది వైపు కంటికి అందదు, పిడి ఉన్న చిన్న అద్దం కావాలి. లైటుతో చూశాక ఆగొద్దు, వాడు ఒప్పుకోడు. నైట్రోజన్ సిలిండరు పెట్టి లోపలి నుంచి తోయమను. ఆ మెడ మీద నురగ రాయమను. ఇవన్నీ కోడలికి తెలుసు. నువ్వు చేయాల్సింది ఒక్కటే, ఆ పిల్లకి నిజం చెప్పు.

తమ్ముడు


షెడ్డు వెనక వరండా నుంచి,
మొదటి వాన పడిన మర్నాడు

తమ్ముడికి,

నెలన్నర నుంచి ఉత్తరం లేదని కోపంగా ఉన్నావట, మరదలు కార్డు రాసింది. గెలిచానని గెలిచిన రోజే చెప్పుకోవడం నాకు చేతకాదు. ఆ కారు మూడు వారాల కారు. మూడు దాటాలి, నాలుగు దాటాలి, ఆరు దాటాక చెప్పాలనుకున్నాను. నిన్నటితో ఆరు దాటాయి. టైలరమ్మని మిషనుతో సహా ఇక్కడికే రమ్మన్నాను, విను.

లైటు వచ్చిన రోజే కోడలికి చెప్పాను. ఇంట్లో వంటగది గుమ్మంలో నిలబడి, నీ కంటి ముందు నుంచి జిడ్డు తుడిచేసింది నేనే అన్నాను. కేకలేస్తుందనుకున్నాను. తను చేతిలో ఉన్న సీసా కింద పెట్టి, అయితే జిడ్డు ఉందా అత్తయ్యా అంది. అంతే అంది. ఉందని చెప్పాను. అయితే నేను సరిగ్గానే వెతికాను అని, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రికి అన్నంలో ఉప్పు మాత్రం రెండుసార్లు వేసింది.

మర్నాడు డాక్టరమ్మ కారు వచ్చింది. ఎప్పటిలా నా దగ్గరికే తోశారు. నేను గుడ్డ భుజం మీద వేసుకుని బానెట్ ముందు నిలబడ్డాను. తుడవ్వేం పెద్దక్కా అన్నాడు మేస్త్రి. ఈసారి చూశాక తుడుస్తాను అన్నాను. ముసలిదానికి ఎండదెబ్బ తగిలిందన్నట్టు చూశాడు. ఆ కారు రావడం చూడగానే ఇద్దరు మెకానిక్కులు కోడలి పానాల పెట్టె వైపు చూశారు. అది నేను చూశాను.

డాక్టరమ్మ దిగి, తెల్ల కోటు జేబులోంచి పిడి ఉన్న చిన్న అద్దం తీసింది. నువ్వు అద్దం కావాలంటే నేను ఎక్కడ వెతకాలో అనుకున్నాను, ఆవిడ దగ్గర డజనున్నాయి. నేనే షట్టరు దింపించాను. పట్టపగలు షెడ్డు చీకటి చేసిన ఘనత నాది. కోడలు టైర్ల మూల నుంచి లేచి వచ్చి, లైటు వెలిగించి ట్రే కిందికి పట్టింది. డాక్టరమ్మ దవడ పన్ను వెనక చూసినట్టు అద్దం తిప్పింది. ఒక్కసారిగా ఆగింది. అద్దంలో, నట్టు మెడ మీద, పచ్చటి గీత. వెంట్రుకంత. దాని కింద పచ్చటి మరక, మధ్యలో నా బొటనవేలు తీసుకున్నంత ఖాళీ. ఎనిమిది మందీ వరసగా వంగి చూశారు.

నువ్వు చెప్పినట్టే మేస్త్రి ఒప్పుకోలేదు. పై నుంచి కారి ఉంటుందన్నాడు. కోడలు వాదించలేదు. సిలిండరు దొర్లించుకొచ్చి, గొట్టం తగిలించి, లోపలికి తోయడం మొదలుపెట్టింది. మీటరు ముల్లు పైకి లేచాక సిలిండరు కట్టేసింది. డాక్టరమ్మ అద్దం పట్టుకుంది, కోడలు పళ్ళు తోముకునే బ్రష్షుతో ఆ మెడ మీద నురగ రాసింది. కాసేపు ఏమీ లేదు. మేస్త్రి ఊపిరి వదలబోయాడు. అప్పుడు ఒక బుడగ వచ్చింది. చిన్నది, ఆవగింజంత. అది పగలకముందే ఇంకోటి. తర్వాత గుత్తులు గుత్తులుగా. మేస్త్రి బుడగల వైపు చూడనే లేదు తమ్ముడూ, అలవాటు కదా, ముల్లు వైపు చూశాడు. తను ఇన్నాళ్ళూ నమ్మిన ముల్లు మెల్లగా కిందికి దిగుతోంది.

నేను గొంతు పెంచలేదు. మామూలుగానే అడిగాను.

“ఈ పైపు బిగించింది ఎవరి చెయ్యి?”

మేస్త్రి చేతులు తుడుచుకోవడానికి గుడ్డ వెతుక్కున్నాడు. నా భుజం మీది గుడ్డ నేను ఇవ్వలేదు.

“నాదే,” అన్నాడు.

అప్పుడు నీ కాగితం డాక్టరమ్మ చేత చదివించాను. లాగి చూడడమే నేర్పి తోసి చూడడం నేర్పలేదని, గొట్టం తొడగమన్నది నేనేనని, ఈ తప్పులో సగం నాదని నువ్వు రాసిన నాలుగు వాక్యాలూ. వాడు ఆ కాగితం తీసుకుని మళ్ళీ తనే చదువుకుని, పక్కనున్న టైరు మీద కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడని రాస్తానంటోంది టైలరమ్మ. ఆవిడ చూడలేదు, నేను చూశాను, తుడుచుకోలేదు. కానీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. లేచి ఆ ఎనిమిది మందితో, నేను ఈ పిల్లని అన్న మాట తప్పు, మీ ముందు అన్నాను కాబట్టి మీ ముందే చెబుతున్నాను, ఏసీ బల్ల ఇవాళ్టి నుంచి తనది అన్నాడు. ఆ మాత్రం మగతనం ఉన్నందుకు మిగతా సగం నేను వదిలేశాను.

అసలు నేను చూడాలనుకున్నది ఆ తర్వాత జరిగింది. కొత్త పైపు వచ్చింది. కోడలు తన పెట్టెలోంచి బిగువు కొలిచే పానా తీసింది, సరిపడా బిగియగానే టక్కుమంటుందే, అది. ఒక్కతే కూర్చుని, తొందర లేకుండా తిప్పింది. టక్కుమంది. మేస్త్రి వెనకే నిలబడ్డాడు. పాపం, వాడి చెయ్యి వాడికి తెలియకుండానే గోడకి ఆనించిన ఇనప గొట్టం మీదికి పోయింది. ఇంకొంచెం బిగిద్దామా అన్నాడు.

కోడలు తల కూడా తిప్పలేదు.

“చాలు,” అంది.

ఆ గొట్టం వాడు మెల్లగా కింద పెట్టిన చప్పుడు నీ చెవులకి కూడా వినపడి ఉండాలి.

కారు ఆరు వారాలైనా వెనక్కి రాలేదు. నిన్న డాక్టరమ్మ మాత్రం వచ్చింది, ఈ ఉక్కపోతలో శాలువా కప్పుకుని. కారులో పళ్ళు కొట్టుకుంటున్నాయట. నా నాలుగు పళ్ళలో ఒకటి తీసేయాల్సిందేనని కూడా చెప్పింది. ఆ రోజు ఊరికే నోరు తెరవమందనుకున్నాను, నిజంగానే చూసిందన్నమాట.

ఇప్పుడు నా ఒట్టు సంగతి. షెడ్డులో పద్ధతి మారింది. మార్చింది నా కోడలు. బండి రాగానే ఎవరూ గుడ్డ ముట్టుకోకూడదు. ముందు నేను లైటు పట్టుకుని చూడాలి, ట్రేల కింద చెయ్యి పెట్టి చూడాలి. జిడ్డు ఎక్కడ తగిలిందో ఆ బండి చీటీ మీద బొమ్మ గీసి ఉంటుంది, అక్కడ నా వేలిముద్ర వెయ్యాలి. నా ముద్ర పడని బండి బల్ల ఎక్కదు. పోయిన వారం రెండు లీకులు మీటరు తియ్యకుండానే చెప్పాను. కాబట్టి ఒట్టు రద్దు. ఇది నిన్ను అడగడం కాదు, తెలియజేయడం. నీ లైటు కూడా తిరిగి పంపడం లేదు. నీకు దానితో పనేముంది.

చిట్లిన ఆ నట్టు గుడ్డలో చుట్టి పంపుతున్నాను. మేస్త్రే ఇచ్చాడు, గురువుగారికి పంపమన్నాడు. వచ్చే నెల నిన్ను చూడటానికి వస్తానన్నాడు, తోసి చూడడం నేర్చుకోవడానికి. కాస్త కాఫీ ఇచ్చి, తిట్టకుండా నేర్పు. నేను తిట్టాల్సినవన్నీ తిట్టేశాను.

ఇంకేముంది, అంతా బాగున్నాం. పొద్దున తలకి రాసుకుందామని కొబ్బరి నూనె సీసా తీశాను. మూత రెండు వేళ్ళతో తిప్పితే వచ్చింది.

నీ అక్క